పచ్చిక మీద గుండ్రటి మచ్చలు: డెల్టాలో లాన్ పని చేసేవాళ్లు బూజు తెగుళ్లను ఎలా పట్టాలి

అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా నా ఫోన్ మోగితే చాలాసార్లు ఒకటే మాట. "ఏవండీ, లాన్ మధ్యలో పళ్లెమంత మేర ఎండిపోయిందండి. వచ్చి ఏదో ఒక మందు కొట్టి వెళ్లండి." జబ్బేంటో, దానికి వైద్యమేంటో రెండూ ఆయనే తేల్చేశారు. మనం వెళ్లి ట్యాంకు కలిపి కొట్టేస్తే ఆ రోజుకి గొడవ లేదు, డబ్బులూ వస్తాయి. పదిహేను రోజులకి ఆ పళ్లెం చాపంత అయ్యిందనుకోండి, పోయేది మన పేరే.

నేను మొదటి రెండేళ్లు అలాగే చేశాను. ఏ మచ్చ కనబడినా కార్బెండజిమ్ అనే బూజు మందే. కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల తగ్గలేదు, ఒకటి రెండు చోట్ల ఇంకా ముదిరింది. తగ్గినచోట ఎందుకు తగ్గిందో కూడా నాకు తెలియదు. ఒకటి రెండు మూవర్లు, ఒక బ్యాటరీ స్ప్రేయరు, ఇద్దరు కుర్రాళ్లతో రాజమండ్రి, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల ఇళ్ల లాన్లూ ఫంక్షన్ హాళ్ల లాన్లూ చూసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. మీకు ఆ రెండేళ్లు వృథా కాకూడదు.

ముందు మన నేల గురించి ఒక మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువల కింద మాగాణి అయింది. ఇవాళ మనం గడ్డి పరుస్తున్న స్థలాల్లో చాలావరకు నిన్నమొన్నటి వరిచేలు, కొబ్బరితోటలే. అడుగున బంకమట్టి, పైన తడిగాలి, శీతాకాలం పొద్దున్నే కారిపోయేంత మంచు. బూజుకి కావలసింది ఇంతకన్నా ఏముంది? వరి రైతుకి పాముపొడ తెగులు తెలుసు, కొందరు మాగుడు తెగులు అంటారు. దాన్ని తెచ్చే రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రమే లాన్‌లో పెద్ద గుండ్రటి మచ్చలకీ కారణం. జాతి ఒకటే అయినా తెగలు వేరు. కాబట్టి పక్క చేలోంచి వచ్చిందని ఆ రైతు మీదకి వెళ్లకండి. అగ్గితెగులు తెచ్చే శిలీంధ్రానికీ ఇలాగే లాన్ గడ్డిని పట్టే చుట్టాలున్నాయి. వరి తెగుళ్లు తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఈ పని సగం వచ్చినట్టే.

మొదటి పని: మంచు ఆరకముందే వెళ్లండి

పొద్దున్న ఆరున్నరకల్లా లాన్ దగ్గర ఉండాలి. పది దాటాక వెళ్తే ఎండిన గడ్డి తప్ప ఏమీ కనపడదు. కూడా తీసుకెళ్లాల్సినవి: ఒక భూతద్దం, చాకు, పెద్ద స్క్రూడ్రైవరు, నాలుగైదు పాలిథీన్ కవర్లు, ఐస్‌క్రీం పుల్లలు గుప్పెడు. పుల్లలు ఎందుకో తర్వాత చెప్తాను.

మచ్చ మధ్యలో చూడకండి. అక్కడ అంతా అయిపోయింది. మచ్చకీ పచ్చగడ్డికీ మధ్య ఉన్న అంచు దగ్గర గొంతుక్కూర్చోండి, తెగులు ఇప్పుడు పని చేస్తున్నది అక్కడే. మంచు మీద పల్చటి దూదిలా తెల్లటి దారాలు కనబడితే బూజు. సాలెగూడు కూడా అలాగే మెరుస్తుంది కానీ అది ఆకుల పైన పరదాలా పరుచుకుని ఉంటుంది. బూజు ఆకులకి అంటుకుని వాటి మధ్యలో పాకుతుంది.

అనుమానం తీరకపోతే అంచు దగ్గర అరచేతి మందాన గడ్డిని మట్టితో సహా చాకుతో కోసి, తడిపిన కాగితంతో కలిపి కవర్లో పెట్టి మూతి కట్టేయండి. ఇంటికి తీసుకెళ్లి నీడలో ఉంచితే మర్నాటి పొద్దున్నకి బూజు ఉన్నదీ లేనిదీ చాలాసార్లు అదే చెప్తుంది. నయాపైసా ఖర్చు లేని ల్యాబు.

బూజు కానివాటిని పక్కన పెట్టండి

మందు అమ్ముడుపోయేది ఎక్కువగా ఇక్కడ పొరబడటం వల్లే. ఎండిన గడ్డిని గుప్పిట పట్టి పైకి లాగండి. చాప చుట్టినట్టు లేచి వచ్చేస్తే అడుగున వేరుపురుగు ఉంది, తవ్వితే తెల్లగా ముడుచుకుని కనబడుతుంది. అంచుల్లో ఆకులు కొరికినట్టుంటే లద్దెపురుగు. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు రెండు చెంచాలు నాలుగు లీటర్ల నీళ్లలో కలిపి ఒక గజం స్థలం మీద పోస్తే ఐదు పది నిమిషాల్లో పైకి వచ్చేస్తాయి.

మధ్యలో ఎండి చుట్టూ ముదురు పచ్చ వలయం ఉంటే ఆ ఇంట్లో కుక్క ఉందేమో అడగండి. చారలు చారలుగా మాడితే తోటమాలి యూరియా చేత్తో విసిరాడన్నమాట. సముద్రం వైపు ఊళ్లలో, ముఖ్యంగా వేసవిలో కాలువలు కట్టేసి బోరు నీళ్లు పెట్టేచోట, ఆకు కొసలు మొత్తం లాన్ అంతా మాడుతుంటే అది ఉప్పు. నీళ్లు నోట్లో వేసుకుని చూసినా తెలిసిపోతుంది. వీటిలో దేనికీ తెగులు మందు పని చేయదు.

ఏ బూజో తేల్చండి

మన దగ్గర కనబడేవి ఏడెనిమిది రకాలు. అన్నిటికీ ఒకే మందు లేదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పెద్ద మచ్చ మనకి అన్నిటికన్నా ముఖ్యమైనది. మెక్సికన్ గ్రాస్‌నీ, వెడల్పాకు బఫెలో గడ్డినీ ఎక్కువ పడుతుంది. అడుగు వెడల్పుతో మొదలై మంచం అంత, గది అంత అవుతుంది. అంచు ఇటుక రంగులోకో నారింజ రంగులోకో తిరుగుతుంది. ఒక్క ఆకు పట్టుకుని మెల్లగా లాగితే మొదలు నుంచి జారి వచ్చేస్తుంది, మొదట్లో గోధుమ రంగు కుళ్లు ఉంటుంది. వేరు మాత్రం బాగానే ఉంటుంది. రాత్రుళ్లు చల్లబడటం మొదలయ్యే అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా దీని కాలం. ఈ ఏడాది వచ్చిన చోటే వచ్చే ఏడాదీ వస్తుంది, కాబట్టి ఎక్కడెక్కడ వచ్చిందో రాసి పెట్టుకోండి.

డాలర్ స్పాట్ పేరుకి తగ్గట్టు రూపాయి బిళ్లంత నుంచి అప్పచ్చంత మచ్చలు, పొట్టిగా కోసిన గరికలో, మెక్సికన్ గ్రాస్‌లో వస్తుంది. ఆకుని భూతద్దంలో చూస్తే పాలిపోయిన మచ్చ డమరుకం ఆకారంలో, చుట్టూ ఎర్రటి గీతతో ఉంటుంది. ఇది ఆకలిగా ఉన్న గడ్డిని పడుతుంది. నత్రజని కొద్దిగా అందిస్తే చాలాసార్లు మందు లేకుండానే సర్దుకుంటుంది. పెద్ద మచ్చకి యూరియా వేస్తే నిప్పులో నెయ్యి పోసినట్టే. రెంటికీ తేడా తెలియకపోతే ఎంత నష్టమో చూడండి.

పితియం వస్తే టెన్షనే. రాత్రికి రాత్రే గడ్డి నల్లగా, నూనె రాసినట్టు జిగటగా పడిపోతుంది. నీళ్లు పారిన దారి వెంబడి చారలా సాగుతుంది. పగలు 30 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకుండా, నేల మీద నీళ్లు నిలిచి ఉంటే వస్తుంది. ఫంక్షన్ హాళ్లలో పెళ్లి అయిపోయాక షామియానా కింద పరిచిన మ్యాటు మర్నాడు మధ్యాహ్నం దాకా తీయరు. అడుగున గడ్డి ఉడికిపోతుంది, పితియంకి అంతకన్నా మంచి పడక దొరకదు. శాస్త్రం ప్రకారం ఇది అసలైన శిలీంధ్రం కాదు, నీటిబూజుల కోవది. అందుకే కార్బెండజిమ్, హెక్సాకొనజోల్ లాంటి మామూలు బూజు మందులు దీన్ని ఏమీ చేయలేవు. నా మొదటి రెండేళ్లలో తగ్గని కేసుల్లో సగం ఇవే అయ్యుంటాయని ఇప్పుడు అనిపిస్తుంది.

గరిక జాతి లాన్లలో, అంటే బెర్ముడా, సెలక్షన్ వన్ లాంటివాటిలో, తుపాను ముసురు నాలుగైదు రోజులు పట్టాక ఆకుల మీద ఊదా, నలుపు చుక్కలు వచ్చి లాన్ మొత్తం వన్నె తగ్గుతుంది. ఇది ఆకుమచ్చ. పొటాష్ తక్కువైన చోట ఎక్కువ. దీనికి కార్బెండజిమ్ కొడితే తగ్గకపోగా పెరగవచ్చు. బఫెలో గడ్డి మీద వర్షాకాలంలో బూడిద రంగు మధ్య, గోధుమ అంచుతో కోల మచ్చలు వస్తే అది అగ్గితెగులు చుట్టం. సరిగ్గా ముందు వారమే ఎవరో యూరియా బాగా వేసి ఉంటారు, అడిగి చూడండి.

తెల్ల చెప్పులకి నారింజ పొడి అంటితే తుప్పు తెగులు. మామిడి చెట్టు నీడలో, ఎదుగుదల ఆగిన మెక్సికన్ గ్రాస్‌కి వస్తుంది. కాస్త ఎరువు, కాస్త వెలుతురు, రెండు కోతలు చాలు.

ఇక కోనసీమ స్పెషల్. కొబ్బరిచెట్లు కొట్టేసి ఇల్లు కట్టి, మొదళ్లు నేలలోనే వదిలేసి పైన లాన్ పరుస్తారు. అవి కుళ్లుతుంటే వానాకాలంలో పుట్టగొడుగులు గుంపుగానో వలయంగానో లేస్తాయి. ఇంటావిడ భయపడుతుంది, పిల్లలు కోసుకుని ఆడతారు. ఇవి తినేవి కావని గట్టిగా చెప్పండి, కోసి కవర్లో వేసి పారేయండి. వలయం ఉన్నచోట ఫోర్కుతో జానెడు లోతున పొడిచి, కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లు బాగా ఇంకేలా పోయండి. మొద్దు తవ్వి తీయగలిగితే అదే అసలు వైద్యం. వాన వెలిశాక ఆకుల మీద బూడిద చల్లినట్టు కనిపించే బంకబూజుకి పైపుతో నీళ్లు గట్టిగా కొడితే చాలు. దానికి డబ్బు తీసుకోకండి, ఆ కస్టమరు పదేళ్లు ఉంటాడు.

నీళ్ల టైము మార్చండి, ఆ తర్వాతే మిగతావి

భీమవరం వైపు ఒక చేపల చెరువుల ఆసామి బంగళాలో నేను రెండుసార్లు మందు కొట్టినా పెద్ద మచ్చ ఆగలేదు. మూడోసారి ఊరికే కూర్చుని వాచ్‌మన్‌తో మాట్లాడుతుంటే చెప్పాడు, స్ప్రింక్లర్లు రాత్రి ఎనిమిదింటికి ఆన్ అవుతాయని. పగలు చుట్టాలొస్తే తడుస్తారని అలా పెట్టించారట. రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు మంచు ఆరేదాకా పన్నెండు పదమూడు గంటలు ఆకు తడిగానే ఉంటోంది. టైమర్ తెల్లవారుజామున ఐదింటికి మార్చాం. అప్పటికే ఆకు మంచుతో తడిసి ఉంటుంది కాబట్టి అదనంగా తడి గంటలు పెరగవు, ఎండ రాగానే అంతా ఒకేసారి ఆరిపోతుంది. మచ్చ అక్కడే నిలిచిపోయింది. రెండు మందుల డబ్బులు నేను ఆయన బిల్లులో తగ్గించాను, తప్పు నాది కాబట్టి.

ఎంత పెట్టాలి? వారానికి అంగుళం నీరు అనే లెక్కని మన కొలతలోకి మారిస్తే సెంటుకి సుమారు వెయ్యి లీటర్లు. మండువేసవిలో ఇంకొంచెం కావాలి, నవంబరు నుంచి జనవరి దాకా సగం చాలు, వాన పడితే అసలు వద్దు. రోజూ కాస్త కాస్త చిలకరించడం కన్నా వారానికి రెండుసార్లు బాగా తడపడం మేలు. స్క్రూడ్రైవరు నేలలో గుచ్చండి. పిడి దాకా సులువుగా దిగిపోతే నీళ్లు అక్కర్లేదు. తోటమాలికి ఈ పరీక్ష నేర్పితే మీకు సగం ఫోన్లు తగ్గుతాయి.

పొద్దున్నే పొడవాటి వెదురు కర్రతోనో పైపుతోనో లాన్ మీద మంచు దులిపేయడం పాత పద్ధతి, గోల్ఫ్ మైదానాల్లో ఇప్పటికీ చేస్తారు. తెగులు కాలంలో ఇంటి వాచ్‌మన్‌కి అప్పచెప్పండి, పది నిమిషాల పని.

నేల, కోత, ఎరువు

కడియపులంక, బుర్రిలంక, వేమగిరి నర్సరీల నుంచి వచ్చే గడ్డి ముక్కలకి అడుగున మట్టి పొర అంటుకుని వస్తుంది. కింద ఇసుక పోసి పైన బంకమట్టి ముక్క పరిస్తే నీరు కిందకి దిగడానికి మొరాయిస్తుంది, ఆ పొరలోనే నిలిచిపోతుంది. కొత్తగా పరిచేటప్పుడే ఇది చూసుకోవాలి. పరిచేసిన లాన్ అయితే ఏడాదికి ఒక్కసారైనా ఫోర్కుతో నాలుగంగుళాల లోతున, జానెడు కన్నా దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడిచి, పైన సన్నటి ఇసుక పల్చగా చల్లి చీపురుతో రంధ్రాల్లోకి తోయండి. సెంటుకి ఏడెనిమిది ఘనపుటడుగులు సరిపోతుంది. గోదావరి ఇసుక వాడండి. సముద్రపు ఒడ్డు ఇసుక చవకగా వస్తోందని తెచ్చారో, ఉప్పుతో కొత్త కథ మొదలవుతుంది. ఫంక్షన్ హాళ్లకి ఈ పని ఆషాఢంలో పెట్టుకోండి. ముహూర్తాలుండవు, వానలకి గడ్డి కూడా త్వరగా కోలుకుంటుంది.

గడ్డి మొదట్లో ఎండుపీచు అరంగుళం కన్నా మందంగా పేరుకుంటే అది తడిసిన పరుపులా నీళ్లు పట్టి ఉంచుతుంది, బూజు అందులోనే కాపురం పెడుతుంది. ఇనుప పళ్ల దంతెతో గీకి తీసేయండి. ఈ పని గడ్డి జోరుగా పెరిగే కాలంలోనే చేయాలి, డిసెంబరులో గీకితే గాయాలు మానవు.

కోతలో ఎప్పుడూ ఆకు పొడవులో మూడో వంతు కన్నా ఎక్కువ తీయకండి. గరికని అంగుళం, మెక్సికన్ గ్రాస్‌ని అంగుళం నుంచి అంగుళంన్నర, బఫెలోని రెండంగుళాల పైన ఉంచండి. తడి గడ్డి కోయవద్దు. మొద్దుబారిన బ్లేడు ఆకుని కోయదు, చింపుతుంది. చింపిన ప్రతి అంచూ బూజుకి తెరిచిన తలుపే.

యూరియా గురించి ఎంత చెప్పినా తక్కువే. సంక్రాంతికి పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వస్తున్నారు, లాన్ నల్లటి పచ్చగా ఉండాలి అని డిసెంబరు నెలాఖరుకి దోసిళ్లతో విసిరేస్తారు. పండుగ మూడు రోజులూ బాగానే ఉంటుంది. కనుమ వెళ్లిన వారానికి మచ్చలు. పండుగకి పచ్చదనం కావాలంటే నవంబరు మొదట్లోనే, మచ్చలేమీ లేవని చూసుకుని, సెంటుకి 200 గ్రాముల యూరియా, 100 గ్రాముల పొటాష్ వేసి నీళ్లు పెట్టండి. పండుగ ముందు వారం ఫెర్రస్ సల్ఫేట్ లీటరుకి 5 గ్రాములు కలిపి పల్చగా పిచికారీ చేస్తే నత్రజని పెరగకుండానే రంగు తేలుతుంది. బండల మీద పడితే తుప్పు మరక పోదు, పక్కనే గ్రానైట్ ఉంటే జాగ్రత్త.

అప్పుడు మందు

పైవన్నీ మార్చాక, లేదా మచ్చ రోజురోజుకీ పాకుతుంటే, మందు కొట్టాలి. మన షాపుల్లో దొరికే వాటి డబ్బాల మీద ఎక్కువగా వరి, మిరప, వేరుశనగ అని పంటల పేర్లే ఉంటాయి. లాన్‌కి వాడుతున్నామని కస్టమరుకి ముందే చెప్పి, ఒక మూల గజం స్థలంలో కొట్టి ఐదు రోజులు చూసి, తర్వాతే మొత్తం కొట్టండి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పెద్ద లాన్ కాంట్రాక్టయితే కవర్లో కట్టిన నమూనా పట్టుకుని అక్కడి శాస్త్రవేత్తలని అడగడానికి మొహమాటపడకండి.

పెద్ద మచ్చకి నేను వాడేది హెక్సాకొనజోల్ 5 శాతం లీటరుకి 2 మి.లీ., లేదా ప్రొపికొనజోల్ 25 శాతం 1 మి.లీ. వరిలో మాగుడుకి వాడే డోసులే ఇవి. రెండూ ట్రయజోల్ అనే ఒకే రసాయన కోవవి కాబట్టి ఒకటి మార్చి ఒకటి కొట్టడం మందు మార్చినట్టు కాదు. రెండోసారికి అజాక్సీస్ట్రోబిన్ లాంటి వేరే కోవ మందుకి వెళ్లండి. డోసు పెంచితే త్వరగా తగ్గుతుందనుకోకండి. ట్రయజోల్ ఎక్కువైతే గరిక ఎదుగుదలే కుంచించుకుపోతుంది. పితియంకి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన పొడి మందు లీటరుకి 2 గ్రాములు. గరిక ఆకుమచ్చకి మాంకోజెబ్ 2.5 గ్రాములు. బఫెలో గడ్డి బూడిద మచ్చకి అజాక్సీస్ట్రోబినో ప్రొపికొనజోలో సరిపోతుంది. వరిలో అగ్గితెగులుకి వాడే ట్రైసైక్లజోల్‌ని పెద్ద మచ్చకి కొట్టేవాళ్లని చూశాను, అది రైజోక్టోనియాని ముట్టుకోదు. ఏదైనా డబ్బా మీద రాసిందే చివరి మాట. నేను చెప్పిన అంకెకీ దానికీ తేడా ఉంటే డబ్బానే నమ్మండి.

ఇంకో లెక్క. ఆకుల మీద పిచికారీకి సెంటుకి నాలుగు లీటర్లు. అంటే 16 లీటర్ల ట్యాంకు నాలుగు సెంట్లకి. హెక్సాకొనజోల్ అయితే ట్యాంకుకి 32 మి.లీ. మూతతో పోయకండి, కొలపాత్ర కొనుక్కోండి. పెద్ద మచ్చ తెగులు గడ్డి మొదలు దగ్గర ఉంటుంది కాబట్టి నీళ్లు ఇంకొంచెం పెంచి గడ్డి మొదళ్లు తడిసేలా కొట్టాలి. మచ్చ మీదే కాదు, చుట్టూ మూడు నాలుగు అడుగుల పచ్చ గడ్డి మీద కూడా. మంచు ఆరాక మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. వాన నాలుగు గంటల్లో వచ్చేలా ఉంటే ఆగిపోండి. వాయుగుండం వార్తలొచ్చిన రోజున కొట్టిన మందు కాలువకే పోతుంది.

కలుపు మందుకి వేరే ట్యాంకు ఉంచండి. మా కుర్రాడు ఒకసారి గ్లైఫోసేట్ కొట్టిన ట్యాంకుని ఊరికే తొలిపి, అదే ట్యాంకులో తెగులు మందు కలిపి ఒక ఇంటి ముందు లాన్ మీద కొట్టాడు. వారానికి ఆ లాన్ రంగు చూసి ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు, కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నారు. తిట్టినా బాగుండేది. కొత్త గడ్డి నా డబ్బులతో పరిచాను. అప్పటి నుంచి కలుపు మందు ట్యాంకుకి ఎర్ర రంగు పూసి ఉంచుతాను.

చేతులకి గ్లౌజులు, ముఖానికి మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కుర్రాళ్లు ఉక్కపోతకి తీసేస్తారు, మీరు ముందు వేసుకుంటే వాళ్లూ వేసుకుంటారు. ఆకు ఆరేదాకా పిల్లల్నీ కుక్కల్నీ దూరంగా ఉంచమని చెప్పండి. డెల్టాలో మర్చిపోకూడనిది చెరువు. అజాక్సీస్ట్రోబిన్ లాంటివి చేపలకీ రొయ్యలకీ బాగా విషం. పెరటి గోడ అవతల రొయ్యల చెరువు ఉంటే గాలి అటు వీచేటప్పుడు కొట్టకండి. ట్యాంకు కడిగిన నీళ్లు డ్రెయిన్లో పోయకుండా అదే లాన్ మీద చల్లండి. ఇంటి తోటలో రంగు చేపల తొట్టి ఉంటే ముందు దానిమీద పట్టా కప్పండి.

కాగితం పని కూడా ఉంది. 1968 నాటి పురుగుమందుల చట్టం తెగులు మందులకీ వర్తిస్తుంది, డబ్బు తీసుకుని ఇతరుల స్థలాల్లో మందు కొట్టే వ్యాపారం లైసెన్సు పరిధిలోకి వస్తుంది. మీ మండల వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లి మీ స్థాయి పనికి ఏం కావాలో అడిగి చేయించుకోండి. ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ కాగితమే మీ గొడుగు. మందు బిల్లులు కూడా దాచండి.

తెగులుని మనమే మోసుకెళ్లకండి

ఇది నేను ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ఒకే వీధిలో మూడిళ్లకి వరసగా పెద్ద మచ్చ వస్తే నీళ్ల దోషం అనుకున్నాను. మూడిళ్లకీ సోమవారం పొద్దున్న ఒకే మూవర్ తిరిగేది. తెగులున్న లాన్ ఆ రోజు చివర్లో కోయండి. కోత తర్వాత మూవర్ అడుగున అంటిన గడ్డిని గీకి, కడిగి, ఆరాక బ్లేడుకీ అడుగుకీ సర్జికల్ స్పిరిట్ తుడవండి. చెప్పులూ మర్చిపోవద్దు. తెగులున్న లాన్లో కోసిన గడ్డిని అక్కడే వదలకుండా గోనెలో కట్టి తీసేయండి. దాన్ని ఇంకో ఇంటి కంపోస్టులో వేస్తే మీ పని మీరే పెంచుకున్నట్టు.

డబ్బు, మాట

ఇప్పుడు ఐస్‌క్రీం పుల్లలు. మొదటి రోజే మచ్చ అంచు చుట్టూ నాలుగు వైపులా పుల్లలు గుచ్చి, తేదీ రాసి, కస్టమరుని పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయండి. పది రోజుల తర్వాత పసుపు ఆ పుల్లలు దాటిందా లేదా అన్నది ఆయనకే కనబడుతుంది. చచ్చిన గడ్డి మళ్లీ పచ్చబడదని, తెగులు ఆగడం వేరు, ఖాళీ పూడడం వేరు అని మొదటి రోజే చెప్పాలి. వానాకాలంలో పూడడానికి నెల, నెలన్నర. డిసెంబరులో అయితే ఎండలు ముదిరేదాకా ఆగాల్సిందే. ఈ ముక్క మందు కొట్టాక చెప్తే సాకులా వినిపిస్తుంది.

చూసి చెప్పినందుకు ఒక రేటు, మందు కొట్టినందుకు సెంటు లెక్కన ఒక రేటు వేరుగా పెట్టుకోండి. చూడటం ఉచితం, మందుకే డబ్బు అంటే ప్రతిసారీ మందు కొట్టాలనే మనకీ అనిపిస్తుంది. మనసు అలా పనిచేస్తుంది, మన తప్పేం కాదు. ఏడాది కాంట్రాక్టయితే అందులో నీళ్ల టైమింగు కస్టమరు బాధ్యత అని రాయండి. చాలామంది నవ్వుతారు కానీ సంతకం పెడతారు. విదేశాల్లో ఉన్నవాళ్ల ఇళ్లకి ఫోటోలు వాట్సాప్‌లో పంపి వాళ్ల జవాబు వచ్చాకే మందు కలపండి. వాచ్‌మన్ "కొట్టేయండి సార్, ఏం అనరు" అన్నమాట బిల్లు రోజున ఎవరికీ గుర్తుండదు.

ఫంక్షన్ హాళ్లతో ఒక షరతు ఖాయం చేసుకోండి. ముహూర్తం రాత్రిదైతే మర్నాడు పొద్దున్న ఎనిమిదిలోపు లాన్ మీద మ్యాటు, తివాచీ లేపేయాలి. క్యాటరింగు వాళ్లు వేడి గంజి, నూనె లాన్ మీద పోయకూడదు. లేపలేకపోతే ఆ పాచ్‌కి గ్యారంటీ లేదని మేనేజరుకి మెసేజ్ పెట్టి ఉంచండి.

ఖాళీలు పూడ్చడానికి నర్సరీ నుంచి ముక్కలు తెచ్చేటప్పుడు ట్రాలీ మీద పడేసినవి పడేసినట్టు ఎక్కించుకోకండి. ఒక్కో ముక్క తిరగేసి అడుగు చూడండి, మొదళ్లు గోధుమ రంగులో ఉన్నా, వాసన పుల్లగా ఉన్నా పక్కన పెట్టేయండి. వేసే చోట చచ్చిన గడ్డినీ ఎండుపీచునీ మట్టి పైపొర రెండంగుళాలతో సహా తీసేయండి. ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి పూడ్చండి. దొరికితే ట్రైకోడెర్మా విరిడిని, అంటే తెగులు బూజుల్ని అణిచే మేలు బూజుని, ఆ ఎరువులో కలిపి, తడి గోనె కప్పి, నీడలో వారం పదిరోజులు ఉంచి వాడండి. ఆ చోట తెగులు మందు వెంటనే కొడితే ట్రైకోడెర్మా కూడా చస్తుంది, కాబట్టి రెండిటికీ మధ్య రెండు మూడు వారాలు ఎడం ఇవ్వండి. ముక్క పెట్టాక కాలితో తొక్కి అణచండి, పైన నీరు నిలవకుండా చుట్టుపక్కల మట్టం కన్నా వెంట్రుకవాసి ఎత్తులోనే ఉంచండి. పాత పుల్లలు మాత్రం పీకకండి. వచ్చే అక్టోబరులో మొదట చూడాల్సింది ఆ చోటే.